ఉప్పల్ పశువుల నాకా పెద్దదిక్కు డాక్టర్ విశ్వనాథం గారు

— బి. పాండురంగ, ప్రధాన గుమాస్తా, పశు తనిఖీ కేంద్రం, ఉప్పల్

1956వ సంవత్సరం డిసెంబరు మూడవ తేదీ, సోమవారం. కొత్త రాష్ట్రం ఏర్పడి అప్పటికి నెల తిరిగింది. ఆనాటి ఉదయం చెరుకుపల్లి విశ్వనాథం గారు ఉప్పల్ పశువైద్యశాలలో సహాయ వైద్యులుగా బాధ్యతలు స్వీకరించారు. తెనాలి ప్రాంతంలో జన్మించి, మద్రాసులో పశువైద్య పట్టం పొంది, కొన్నేళ్లు సైన్యంలో గుర్రాలకూ కంచరగాడిదలకూ చికిత్స చేసి, ముప్పయి దాటిన వయస్సులో ప్రభుత్వ సేవలోకి వచ్చిన ఆ మహనీయులు ఈ నెల ముప్పయ్యవ తేదీన పదవీ విరమణ చేయుచున్న శుభ సందర్భంలో, వారి వద్ద పద్నాలుగేళ్లుగా పనిచేసే భాగ్యం కలిగినవాడిగా ఈ నాలుగు మాటలు సమర్పించుకుంటున్నాను.

ఆ తొలినాళ్లలో వారికి ఉన్న వాహనం ఒక సైకిలు. నాచారం, కాప్రా, చెంగిచెర్ల, మేడిపల్లి గ్రామాలన్నీ ఆ సైకిలు మీదనే తిరిగేవారు. పశువుల వ్యాధులు వారికి కొత్త కాదు గాని, పశువుల యజమానుల భాష మాత్రం కొంతకాలం కొత్తగానే ఉన్నది. నాచారం కృష్ణమ్మ అనే ఆమె మొదటి వారంలోనే వచ్చి, "సారూ, నిన్న మాపటికెల్లి మా బర్రె మ్యాత ముడ్తలేదు, జర సూడుండ్రి" అన్నదట. డాక్టరుగారు మర్యాదగా తల ఊపి, పక్కనున్న అటెండరు గండయ్య వైపు తిరిగి, "ఏమంటున్నారండీ?" అని అడిగారట. అప్పటినుంచి చాలా నెలలు తెలుగు నుంచి తెలుగులోకి అనువదించే పని గండయ్యకే పడింది. ఇప్పుడు ఆ అవసరం లేదు. "మా పుట్టింటివాళ్లు ఈయన మాట విని, ఈయనెవరో కొత్తాయన అనుకుంటున్నారండీ" అని వారి సతీమణి త్రిపురసుందరి గారు నవ్వుతూ అంటారు.

1963లో వరంగల్ రోడ్డు మీద మన పశు తనిఖీ నాకా నెలకొల్పబడినప్పుడు దాని బాధ్యత విశ్వనాథం గారికే అప్పగించబడింది. మన పని కుటుంబసభ్యులకు అంతగా తెలియదు కనుక ఒక్క మాట చెబుతాను. ఒక ప్రాంతపు పశువులు మరొక ప్రాంతం గుండా పోవాలంటే వాటికి ఆరోగ్య పరీక్ష జరగాలి, టీకాలు పడాలి, ఏ దారిన పోతాయో ఎక్కడ ఆగుతాయో రాసిన అనుమతి పత్రం చేతిలో ఉండాలి. నడిచేది పశువే అయినా, దాని ఒంట్లోని రోగమూ దానితోపాటే ఊరూరా నడుస్తుంది కదా! ఆ అనుమతి ఇచ్చే అధికారం వారి సంతకానిది. వారి దస్తూరి ఎంత గొప్పదంటే, ఒకసారి ముందున్న నాకా నుంచి ఫోను చేసి, "మీరు పంపినవి ఎద్దులా, ఏనుగులా?" అని అడిగారు. ఆ దస్తూరి గురించి మేమెంత నవ్వుకున్నా, ఆ సంతకాన్ని శంకించినవారిని మాత్రం నేను ఎరుగను. ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి సంగతే ఇక్కడ సవిస్తరంగా చెప్పదలచాను.

1972వ సంవత్సరపు కరువును ఎవరూ మరచిపోలేదు. ఆ శీతాకాలంలో ఒక ఉదయం పడమటి నుంచి ఒక మంద వచ్చి మన నాకా ముందు ఆగింది. డెబ్బయికి పైబడిన తలలు. ఎముకలు లెక్కపెట్టవచ్చునన్నట్లున్నాయి. జహీరాబాదుకు ఆవల, రాష్ట్ర సరిహద్దు దాటి ఉన్న ఒక పల్లెలోని నాలుగు కుటుంబాల పశువులవి. వాటిని నడిపించుకొచ్చిన పెద్ద శాంతాబాయి అనే వితంతువు.

"సాబ్, మా ఊర్ల సెరువెండింది, బాయిలెండినయ్. గోదారి ఒడ్డు అడవిల గడ్డి ఉన్నదంట. జర కాయితం రాసియ్యిండ్రి, పొద్దుగూకకముందే ఘట్‌కేసర్ అందుకుంటం" అన్నది.

డాక్టరుగారు ముందు పశువులకు నీళ్లు పట్టించి, తరువాత ఆమెతో మాట్లాడారు. అది వారి పద్ధతి.

"అమ్మా, మీరొచ్చిన దారిలో ముసర వ్యాధి ఉన్నదని మాకు కబురొచ్చింది. టీకాలు వేసి పది రోజులు ఇక్కడే ఉంచి చూడాలి. తరువాతనే అనుమతి."

ముసర అంటే పశువుకు మృత్యువే. నోరంతా పుండ్లు పడి, పారుడు పట్టి, వారం తిరగకముందే నేలకొరుగుతుంది. ఆ మాట విని శాంతాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"పది దినాలా! గీడ గడ్డి పోస లేదు. రోగమేమో గని సాబ్, ఆకలికే సస్తయ్. గట్లయితే మీ చేతులతోని సంపినట్లే."

పైఅధికారి ఒకరికి ఫోను చేస్తే, మందను వచ్చిన దారినే వెనక్కి పంపివేయమని సలహా వచ్చింది. "వెనక్కి పంపితే రోగం కూడా వెనక్కి నడుస్తుంది సార్, దారిలో ఊళ్లన్నీ ఉన్నాయి" అని వినయంగానే చెప్పి, వారు ఫోను పెట్టేశారు. అప్పటికే ఒక బేరగాడు గేటు వద్ద చతికిలబడి, బక్కచిక్కిన కోడెలకు అడ్డికి పావుశేరు ధర చెబుతున్నాడు. శాంతాబాయి వెంట వచ్చినవారు మెత్తబడుతున్నారు కూడా. విశ్వనాథం గారు బయటికి వచ్చి, "అమ్మా, రేపటిదాకా ఒక్కదాన్నీ అమ్మకండి. ఈ ఒక్క రోజు నాకివ్వండి" అని చెప్పి, సైకిలెక్కి నాచారం దారి పట్టారు. వెనకాలే నేనూ వెళ్లాను.

నాచారంలో ఆ ఏడు నీళ్లున్న బావి రామచంద్రయ్య గారిది. విషయం వినగానే ఆయన ముఖం మారింది.

"రోగపు గొడ్లకు నా బాయి నీళ్లా? నా బర్లకు అంటుకుంటె ఎవరు జవాబు సార్?"

"నేనే జవాబు. ముందు మీ బర్రెలకు టీకా వేసి, తరువాతనే నీళ్లడుగుతాను. ఆ మంద ఇటు రాదు. పీపాలు మేమే నింపుకొని బండి మీద తీసుకుపోతాం."

రామచంద్రయ్య గారు బావిలోకి తొంగిచూశారు. చివరికి, "అడుగంటింది సార్. ఉన్నదాంట్ల సగం మాకు, సగం మీకు. ఎట్లయితే గట్లాయె" అన్నారు.

నీళ్లు ఆ విధంగా సమకూడాయి. మేతకోసం ఊరి పప్పుమిల్లువారిని కందిపొట్టు అడిగాము. ఉప్పల్‌లోని ఒక పరిశోధనా సంస్థ ఆవరణలో ఎండిన గడ్డి కోసుకోవడానికి అనుమతి తెచ్చుకున్నాము. పశువులకు అనుమతులిచ్చే మేము గడ్డికి అనుమతి అడగడానికి వెళ్లినప్పుడు అక్కడివారు మొదట పరిహాసమనుకున్నారు. కొడవలి పట్టడం తెలియని మా గుమాస్తాలలో ఆ వారం వేళ్లకు గుడ్డ కట్టుకోనివాడు లేడు. త్రిపురసుందరి గారు రోజూ మజ్జిగ కుండ పంపేవారు.

వారం నిండకముందే భయపడిందే జరిగింది. మందకు ముందు నడిచే ముసలి ఎద్దుకు జ్వరం తగిలి, నోట్లో పుండ్లు కనబడ్డాయి. మరుసటి రోజు మరొకదానికి. రెండింటినీ నాకా పక్క మైదానం చివరకు వేరు చేసి, డాక్టరుగారు వాటి వద్దనే ఉండిపోయారు. చేయగలిగినదంతా చేశారు. రెండూ దక్కలేదు. ముసలి ఎద్దు ప్రాణం పోయేవేళ వారు తుండుగుడ్డ తడిపి దాని మూతి తుడుస్తూ ఉన్నారు. శాంతాబాయి పక్కనే కూర్చున్నది. కన్నీళ్లు తుడుచుకుని ఆమె అన్న మాట నేను చెవులారా విన్నాను.

"రాసియ్యిమని నీ మీద లొల్లి జేస్తి. నువ్ రాసియ్యలే. రాసిచ్చుంటే గీ రోగాన్ని ఊరూరికి నేనే పంచుదును గద సాబ్!"

డాక్టరుగారు గుంట లోతుగా తవ్వించి, సున్నం చల్లించి, రెండింటినీ పూడ్చే వరకు అక్కడే నిలబడ్డారు. ఆపైన గడువు పెంచారు. టీకా పనిచేసింది. తక్కిన మందలో ఒక్కదానికీ జ్వరం రాలేదు. గడువు ముగిసి, అనుమతి రాయబోతున్న రోజున మేడిపల్లి నుంచి జనం వచ్చారు. రోగం కబురు వారికి చేరింది. ముందు నిలబడిన ఆమె పేరు ఐలమ్మ. ఆమెకు నాలుగు పాడిబర్రెలు, వాటి మీదనే ఆ ఇంటి బతుకు.

"గీ మంద మా ఊరి మీదికెల్లి పోవద్దు సార్."

"ఇప్పుడు వీటిలో రోగం లేదమ్మా. పరీక్షించి, నా చేతితో అనుమతి రాసిస్తున్నాను."

"కాయితం మాకెందుకు సారూ? కాయితానికి రోగమొస్తదా? నీ ఇంట్ల గొడ్డున్నదా? టీకా ఎయ్యని గొడ్డు? ఉంటే తెచ్చి గీ మందల గట్టు. అది మంచిగుంటే మా ఊరి తొవ్వ మీదే."

మేమందరం ఒకరి ముఖాలొకరు చూసుకున్నాము. నాచారంలోని డాక్టరుగారి ఇంట ఒక పెయ్య ఉన్నది. త్రిపురసుందరి గారు ముచ్చటపడి ఆ మధ్యనే కొనిపించుకున్నారు. ఊరందరి పశువులకు టీకాలు వేసే హడావుడిలో సొంత ఇంటి పెయ్యకు వేయడం వాయిదా పడుతూ వచ్చింది. వారు తలవంచుకుని ఇంటికి వెళ్లారు. భోజనం ముందు కూర్చుని కలుపుకున్న ముద్ద ఎత్తలేదట. ఎలా అడగాలో వారికి తోచలేదు. ఈలోగా గండయ్య ద్వారా సంగతి అంతా ఆమెకు ముందే చేరిపోయింది.

"నాలుగు ఊళ్ల పశువులకేం భయం లేదని చెబుతున్నారు. మన పెయ్యకు ఆ మాట చెప్పలేరా?" అన్నారట ఆమె. "నాకూ భయంగానే ఉందండీ. కానీ ఆ ఐలమ్మ అడిగింది తప్పు కాదు. భోంచేయండి, నేనే పట్టుకొస్తాను."

అన్నట్లుగానే ఆ తల్లి పలుపు చేతబట్టుకుని నాచారం నుంచి ఉప్పల్ దాకా నడిచి వచ్చి, పెయ్యను మంద నడుమ తన చేతితోనే కట్టారు. పెయ్య కోసం మరికొన్ని రోజులు గడువు పెట్టారు.

ఆ తరువాతి రోజులలో ఐలమ్మ దినదినం మేడిపల్లి నుంచి నడిచి వచ్చి, పెయ్య నోరు తెరిపించి చూసుకుని వెళ్లేది. విశ్వనాథం గారు మా ఎదుట నిబ్బరంగానే ఉండేవారు గాని, ఏదో పని ఉన్నట్లు వెళ్లి దాని చెవులు తాకి చూసి రావడం మేము గమనించకపోలేదు. పసిబిడ్డకు జ్వరం వచ్చిందేమోనని తల్లి నుదురు తాకినట్లుండేది అది. పెయ్యకు మాత్రం ఈ చింతలేవీ లేవు. కందిపొట్టు రుచి మరిగి నిగనిగలాడింది. గడువు ముగిసిన నాడు ఐలమ్మ దాని గంగడోలు నిమిరి, "ఇగ నడువుండ్రి. ముంగట నేనుంట, ఎవలడ్డమొస్తరో సూస్త" అన్నది.

అన్నమాట నిలబెట్టుకున్నది. ఆనాడు మేడిపల్లి గుండా మంద పోతుంటే ముందు ఐలమ్మ, ఆమె వెనుక చెప్పుల ఉంగటం తెగి ఒంటి చెప్పుతో మన డాక్టరుగారు, ఆ వెనుక శాంతాబాయి. జనం ఇళ్ల ముందు నిలబడి చూశారు. ఒక ఇల్లాలు బిందెతో నీళ్లు తెచ్చి తొట్టిలో పోసింది. ఆ దారి పొడుగునా ఒక్క ఊళ్లోనూ ముసర తలెత్తలేదు.

మరుసటి ఏడు వానలు పడిన తరువాత అదే మంద మన నాకా మీదుగానే తిరిగి వెళ్లింది. "ఎన్ని మిగిలినయమ్మా?" అని డాక్టరుగారు అచ్చంగా మా యాసలోనే అడిగారు. "సగానికి జర ఎక్కువ సాబ్" అన్నది శాంతాబాయి. "సాలు. విత్తనం మిగిలింది" అని తానే తృప్తిపడింది. ఒక దూడను ఇచ్చి వెళతానని పట్టుపట్టింది. అది నిబంధనలకు విరుద్ధమని వారు ససేమిరా అన్నారు. చివరికి త్రిపురసుందరి గారికి ఒక జొన్నరొట్టెల మూట ఇచ్చి, వాటి మీద ఏ నిబంధనా లేదుగదా అని నవ్వి వెళ్లిపోయింది.

ఆ అనుభవాన్ని ఆధారం చేసుకుని వారు సమర్పించిన నివేదిక ఫలితంగానే నేడు మన నాకాలో శాశ్వతమైన నీటి తొట్టీ, మేతకొట్టమూ ఉన్నాయి. 1975లో సహాయ సంచాలకులుగా పదోన్నతి పొంది నగరానికి వెళ్లినా, అవకాశం దొరికిన వెంటనే కోరి మరీ ఉప్పల్‌కే తిరిగి వచ్చారు. పదోన్నతి వచ్చినా సైకిలు మారలేదు, దస్తూరీ మారలేదు. కోపం వస్తే గొంతు పెంచడానికి బదులు మౌనం వహించేవారు. ఆ మౌనం కంటే రెండు తిట్లు తిన్నా బాగుండునని మేము వాపోయేవాళ్లం. మనుషులకు సెలవు మంజూరు చేయడంలోనూ, మూగజీవాలకు అనుమతి మంజూరు చేయడంలోనూ వారు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇంటి దగ్గర అంతా క్షేమమేనా?"

డాక్టరుగారూ, రేపటినుంచి మీ సంతకం లేని అనుమతి పత్రాలు ఈ దారిన పోతాయి. వాటిని మేము జాగ్రత్తగా చూసుకుంటాము. మీరు త్రిపురసుందరి గారితో కూడి తీరికగా, ఆరోగ్యంగా, మనసుకు నచ్చిన పనులు చేసుకుంటూ ఉండండి. మీ చేతి చలువతో బతికిన పశువుల పాలు తాగి పెరిగిన పిల్లలు ఈ చుట్టుపట్ల ఊళ్లలో ఎందరున్నారో మీకూ తెలియదు, మాకూ తెలియదు. వాళ్లు తలా ఒక్క రోజు ఆయుష్షు పోసినా మీకు నూరేళ్లు నిండి, ఇంకా మిగులుతాయి. మిగిలినవి కూడా మీరే ఉంచుకోండి.