ముందు వరుసలో కుర్చీ

హాంబర్గ్‌లో టైటస్ ఇల్లు. బయట వాన. అతని చెల్లెలు సూజీ బ్యాగు సర్దుకుంటుంటే తల్లి ఏసుకుమారి కాలుగాలిన పిల్లిలా చుట్టూ తిరుగుతోంది.

“ఆ స్వెట్టర్లు తీసెయ్యవే. రెండు రోజులకి అన్ని ఎందుకు?”

“రెండు రోజులని ఎవరన్నారమ్మా? ఆకెన్‌లో నా ఫ్రెండు జెరుషా రూముంది. ఇంక అక్కడే.”

“అక్కడే అంటే?”

“అక్కడే అంటే అక్కడే. బయటి దేశాలవాళ్ళంతా పోవాలని అరిచే పార్టీ. శనివారం నీ కొడుకు ఆ స్టేజీ ఎక్కుతాడట. నేను ఈ ఇంట్లో ఉండి చప్పట్లు కొట్టాలా?”

“మెల్లిగా. వాడు వంటింట్లో ఉన్నాడు.”

“ఇక్కడే ఉన్నానమ్మా, వింటున్నా. అందరూ పోవాలని కాదు సూజీ. రూలు తప్పి వచ్చినవాళ్ళు. నేను భాష నేర్చుకున్నాను, పన్ను కట్టాను, పౌరసత్వం తెచ్చుకున్నాను.”

“నీకు పాస్‌పోర్టుంది అన్నయ్యా. నాది బ్లూ కార్డు, ఉద్యోగం ఉన్నన్నాళ్ళే. రేపు నన్నూ పొమ్మంటే?”

“నిన్నెందుకంటారు? నువ్వు నా చెల్లెలివి.”

“అది నా మొహం మీద రాసుందా?”

“ముందు తినండర్రా. సూజీ, ఈ గోంగూర సీసా పెట్టుకో... వద్దులే, పెట్టను. పెడితే నిజంగానే వెళ్తావు.”

“పెట్టకపోయినా వెళ్తానమ్మా. అన్నయ్య చిన్నప్పుడూ ఇంతేగా! క్లాసు లీడరని బోర్డు మీద మాట్లాడినవాళ్ళ పేర్లు రాసేవాడు. మొదటి పేరు నాదే.”

“మాట్లాడావు, రాశాను.”

“చూశావా? ఇప్పటికీ అదే ముక్క.”

“అది వసపిట్ట, వీడు గీత దాటనివాడు. ఒక్క కడుపునే పుట్టారు, ప్రభువా.”

“గీత దాటకపోవడం తప్పా అమ్మా? రాత్రి పది దాటితే వాషింగ్ మెషీను వెయ్యను. నా వంతు వస్తే మెట్లు నేనే కడుగుతా. ఆ పార్టీవాళ్ళకి అది కనపడింది. పేరు పెట్టి పిలిచారు. ముందు వరుసలో కుర్చీ వేశారు. మన ఊళ్ళో మనకి ఎవరైనా కుర్చీ వేశారా?”

“నాన్నకి వేశారుగా.”

“సూజీ!”

“అనకూడదా? వార్డు మెంబరు గారు. కలెక్టరు వచ్చినప్పుడు కుర్చీ. ఫోటో అయ్యాక మళ్ళీ నేల.”

“అందుకే! నాన్నని ఆ నేల మీద చూసినరోజే అనుకున్నా, నేల మీద కూర్చునేవాళ్ళ వైపు నేనుండనని.”

“నేనూ చూశాను అన్నయ్యా. నీ పక్కనే నిలబడి చూశాను. కుర్చీ లాగేసినవాళ్ళ వైపు ఉండనని నేననుకున్నా.”

“ఊరుకోండర్రా. పోయినాయన్ని మధ్యకి లాగకండి.”

“సరే, ఊరుకుంటా. అమ్మా... ఒక మాట. శనివారం నువ్వు కూడా రావాలి.”

“ఎక్కడికి నాయనా?”

“స్టేజీ మీదికి. పట్టుచీర కట్టుకో. ఏం మాట్లాడక్కర్లేదు. మనది పద్ధతైన కుటుంబమని చూస్తారు, అంతే. తీసుకొస్తానని మాటిచ్చేశాను.”

“సిగ్గులేదా అన్నయ్యా నీకు?”

“నువ్వుండవే. నాకూ కుర్చీ వేస్తారా నాయనా?”

“నా పక్కనే అమ్మా. ముందు వరుసలో.”

“ఫోటో తీస్తారా?”

“తీస్తారు. పేపర్లో కూడా రావచ్చు.”

“అయ్యాక?”

“అయ్యాక ఏముంది? ఇంటికొచ్చేస్తాం.”

“మీ నాన్నా ఇంటికొచ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఏంటయ్యా అంటే, ఫోటోలో బాగా పడ్డానంటావా అని నన్నే అడిగాడు.”

“అది వేరు, ఇది వేరమ్మా.”

“వేరే అయ్యుంటుందిలే. నువ్వు చదువుకున్నవాడివి. సూజీ, బీరువా మీద నా బ్యాగుంది, దింపు.”

“ఎందుకమ్మా?”

“దింపమన్నానా? పట్టుచీర అడుగున పెట్టు. నలిగినా పర్లేదు.”

“అమ్మా, ఏంటిది? నేనిప్పుడేమన్నాను? శనివారం వాళ్ళకి నేనేం చెప్పుకోవాలి?”

“ఒంట్లో బాగాలేదని చెప్పు. అబద్ధం కాదులే.”

“పోనీ, దీంతో రెండు రోజులుండి రా. టికెట్ నేను తీస్తా. వచ్చేస్తావుగా?”

“అలాగే నాయనా. కుక్కర్లో అన్నముంది. ప్రార్థన చేసుకుని తిను.”

సూజీ ఆ ఏడు క్రిస్మసుకే అన్నయ్య ఇంటికి తిరిగి వచ్చింది. ఏసుకుమారి రాలేదు. రెండు వేల ఇరవై ఐదు ఫిబ్రవరిలో ఆమె ఆ ఇంటి మెట్లు దిగింది, మళ్ళీ ఎక్కలేదు.