వాసనకి ఓటింగు

ఏమిటీ, పంపు దగ్గర డ్యూటీ నీకొద్దా? నీ ముక్కుకి వాసనలు సరిగ్గా తెలియవా? బాగుందమ్మాయ్! పళ్ళ డాక్టరువి, పొద్దస్తమానం జనం నోళ్ళలో మొహం పెట్టి పనిచేసేదానివి, ముక్కు మొద్దుబారితే సంతోషించాలి గానీ దిగులు పడతారా ఎవరైనా? కూర్చో. ఆ బల్ల మీద కాదు, దానికి ఒక కాలు కుంటి. ఇలా ఈ చుట్టిన తాళ్ళ మీద కూర్చో. ఈ బోటు క్లబ్బుకి యజమానంటూ ఎవడూ లేడు. నూట పాతికమంది మెంబర్లం, నూట పాతికమందిమీ యజమానులమే, అంచేత నూట పాతికమందిమీ పనివాళ్ళమే. ఒకరు జెట్టీ చెక్కలు చూస్తారు, ఒకరు కట్టిన తాళ్ళు చూస్తారు, ఒకరు పెట్రోలు పంపు చూస్తారు. ఈ ఏడు చీటీల్లో పంపు నీకొచ్చింది. వద్దనాలంటే అను, నేనెవర్ని కాదనడానికి, కానీ అనేముందు మా పెద్దమ్మ సంగతి విను. హాల్లో ఫోటో చూశావా, టీ కప్పుల బీరువా పక్కన? చిన్న ముడి, పెద్ద ముక్కు? ఆవిడే.

నాకు సొంత పెద్దమ్మ, మా అమ్మకి అక్క. నేను పిలిచాను గనక క్లబ్బంతా పెద్దమ్మ అంది, ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా! చాటుగా మాత్రం ముక్కు పెద్దమ్మ. తెరచాపలు కుట్టేది. అరచేతికి తోలుముక్క కట్టుకుని, ఇంత పొడుగు సూదితో, నాలుగు మడతల కాన్వాసుని నువ్వు అరటిపండు ఒలిచినంత సులువుగా కుట్టేసేది. ఆవిడ కుట్టిన చాప చిరగడం నా జన్మలో చూడలేదు. గాలే చిరిగిపోయేది! ఇక ఆ ముక్కు... జెట్టీకి ఈ చివర నిలబడి, ఆ చివర పడవలో ఎవరు ఉల్లిపాయలు తరుగుతున్నారో చెప్పేది. అబద్ధమా? పక్కనే ఉన్నాను నేను. మూడు రోజుల్లో వాన వస్తుంది అందంటే మబ్బులు హడలిపోయి రెండో రోజుకే వచ్చేసేవి. ఒకాయన ఇంట్లో తెలియకుండా సిగరెట్టు కాల్చి, వాసన పోవాలని అవతలి గట్టు నించి ఈదుకుంటూ వచ్చాడు. నిలువెల్లా తడిసిన మనిషిని చూసి 'రెండు కాల్చావా నాయనా?' అంది. రెండేనమ్మా! నేనూ తక్కువవాణ్ణేం కాదులే. గాలివానకి తాళ్ళు తెగిన పడవలు మూడింటిని, రెండు రెండు చేతుల్తో, మూడోది పళ్ళతో పట్టుకుని లాగినవాణ్ణి. నవ్వకు. ఇదిగో, ఈ పన్ను వంకర చూడు, అప్పటిదే. నువ్వే చెప్పాలి, ఇది పుట్టుకతో వచ్చిన వంకరలా ఉందా?

సరే, ఎక్కడున్నాం? పంపు. పెట్రోలు గుణం నీకు తెలియాలి. దాని ఆవిరి పొగలాగా పైకి పోదు. కిందకి దిగి పడవ కడుపులో పడుకుంటుంది. అక్కడ పడుకుని ఎదురుచూస్తుంది, ఎవడు తాళం తిప్పుతాడా అని. ఒక్క నిప్పురవ్వ చాలు, పడవా ఉండదు, పక్క పడవా ఉండదు. అందుకని రూలు. పెట్రోలు పోసేటప్పుడు మనుషులు దిగాలి, పోశాక ఇంజన్ మూత పావుగంట తెరిచి ఉంచాలి, డ్యూటీలో ఉన్న మనిషి వంగి వాసన చూసి 'ఊఁ' అనాలి. ఆ 'ఊఁ' వినపడ్డాకే తాళం. మిగతా డ్యూటీలు ఏటా మారేవి గానీ ఆ 'ఊఁ' మాత్రం, నేను చెప్పబోయే ఏటికి, పన్నెండేళ్ళుగా పెద్దమ్మదే. అలాంటి ముక్కుండగా ఇంకెవరికిస్తారు?

ఆ ఏడు ప్రెసిడెంటు ప్లీడరు గారు. మంచివాడే, ఎవరికీ కీడు తలపెట్టే రకం కాదు, కాకపోతే నిలబడితే కోర్టు, కూర్చుంటే కోర్టు. భార్య 'టీ వేడిగా ఉందండీ' అంటే 'సాక్ష్యం?' అనేవాడు. కొత్త మోటారు పడవ చేయించాడు. అబ్బో, ఆ మెరుపు! నీళ్ళలో దాని నీడ కూడా కళ్ళు మిరుమిట్లు గొలిపేది. వార్నిష్ ఇంకా పచ్చిగానే ఉంది. ఏటా ఒకసారి అన్ని పడవలూ వరసగా ఎదురు దీవికి వెళ్ళొచ్చేవి, ఆ రోజుకి ముందు నడవాల్సింది ప్రెసిడెంటు పడవ. పొద్దున తొమ్మిదయింది. నిండా పొయ్యండి పెద్దమ్మా అన్నాడు. పోసింది. పావుగంట గడిచిందో లేదో, జనానికి ఓపికేదీ, ఆయన భార్య ఒక్కావిడ రూలు రూలేనని గట్టు మీద నిలబడింది గానీ మిగతావాళ్ళు పదకొండుమందీ ఎక్కేశారు. అందులో ఐదుగురు చిన్నపిల్లలు. డ్రైవరు సీట్లో ఆయన అల్లుడు, చెయ్యి తాళం మీద. పెద్దమ్మ వంగింది. లేచింది. 'ఊఁ' అనలేదు. 'ఉహుఁ' అంది.

'అది వార్నిష్ వాసన పెద్దమ్మా' అన్నాడు ప్లీడరు. 'వార్నిష్ సంగతి నాకు తెలుసు నాయనా, ఇది పెట్రోలు.' 'నాకు రావట్లేదే?' 'నీకు రాకపోతే లేనట్టా?' 'మీ ఒక్కరికే వస్తే ఉన్నట్టా?' ఇలా ఒకరొకటంటే ఇంకొకరొకటి. వెనక పడవలవాళ్ళు హారన్లు మొదలెట్టారు. ఆయనకి ఆ హారన్లు తగిలాయి. కోటు సర్దుకుని, జెట్టీ మీద నిలబడి, 'ఈ క్లబ్బు ఎవరిది? మెంబర్లది! ఏ సంగతైనా తేల్చవలసింది ఎవరు? మెంబర్లు! రండి, వాసన చూడండి, చేతులెత్తండి!' అన్నాడు. నవ్వుతున్నావా? మాకెవ్వరికీ నవ్వు రాలేదమ్మా. మేము అంతే. గేటుకి పచ్చరంగా నీలమా, ఓటింగు. టీలో పాలు ముందా చక్కెర ముందా, ఓటింగు. కాబట్టి వాసనకి ఓటింగు పెట్టడం మాకు చాలా సబబుగా తోచింది. అదీ మా తెలివి!

ఒక్కొక్కరే వచ్చారు. హెడ్మాస్టారు కళ్ళజోడు తీసి మరీ వాసన చూశాడు, కళ్ళజోడుకీ వాసనకీ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి. బేకరీ ఆయన వచ్చి 'నాకు రొట్టెల వాసన వస్తోంది, అది నా చొక్కాది' అని పక్కకి తప్పుకున్నాడు. అందరూ నిలబడే చూశారమ్మా, పడవ అంచు దగ్గర, హాయిగా గాలి తగిలేచోట. కింద పలకల దాకా వంగినవాడు ఒక్కడు లేడు. 'వాసన లేదనేవాళ్ళు?' లేచాయి చేతులు, నలభై ఒకటి. 'ఉందనేవాళ్ళు?' పెద్దమ్మది ఒక్కటే. ఆఁ? నాదా? నాది... జనంలో ఉన్నానమ్మా, అంత గుర్తులేదు, ఎత్తానో లేదో... సరే, ఎత్తాను. లేదనేవాళ్ళలోనే ఎత్తాను. ప్లీడరు గారు నా వంకే చూస్తున్నాడు మరి. గాలివానకి బెదరని చెయ్యి ఆయన చూపుకి బెదిరింది.

'తీర్మానం నెగ్గింది' అన్నాడు. ఎవరో ఇంజన్ మూత దించేశారు. అల్లుడు తాళం మీద వేళ్ళు సర్దుకున్నాడు. అప్పుడు పెద్దమ్మ ఏం చేసిందనుకున్నావ్? చెప్పులు గట్టు మీద విడిచి, పడవలోకి దిగి, ఆ ఇంజన్ మూత మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంది. 'నెగ్గింది, నేను కాదనను. అయితే ప్లీడరు గారూ, పిల్లలకి ఓటుందా?' 'లేదు.' 'ఓటు లేనివాళ్ళ ప్రాణం మీద మన తీర్మానం ఎలా చెల్లుతుంది? దింపండి ముందు.' ఏ సంగతైనా ఓటుతోనే తేలాలన్నది ఆయన వాదమే, దింపమనక తప్పలేదు. పిల్లలు దిగారు. పిల్లలు దిగాక అమ్మలు ఆగుతారా, వాళ్ళూ దిగారు. నాన్నలు సామాన్లు అందించే వంకతో దిగారు. 'ఇప్పుడు వాసన లేదన్న నలభై ఒక్కమందీ ఎక్కండి. చోటు చాలకపోతే ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చోండి. నేనెలాగూ ఉన్నాను. అందరం ఎక్కాక అల్లుడుగారు తాళం తిప్పుతారు' అంది. నవ్వుతూనే అంది!

ఎంత నిశ్శబ్దమంటే, చేపలు ఊపిరి పీల్చడం వినపడింది నాకు. హెడ్మాస్టారికి బూటు లేసు ఊడింది, కట్టుకోడానికి వంగాడు. ఆయన కాళ్ళకున్నవి చెప్పులు. బేకరీ ఆయనకి పొయ్యిలో రొట్టెలు గుర్తొచ్చాయి. నేను ఒక కాలు ఎత్తాను. నిజంగా ఎత్తాను. అది మళ్ళీ జెట్టీ మీదే దిగింది. ఎక్కింది ప్లీడరు గారొక్కడే. ఆ ధైర్యం ఒప్పుకోవాలి. వెళ్ళి పెద్దమ్మకి ఎదురుగా కూర్చుని, 'అల్లుడూ, తిప్పవయ్యా' అన్నాడు. అల్లుడు తాళం మీంచి చెయ్యి తియ్యకుండానే మామ వంక చూశాడు, గట్టు మీద అత్తగారి వంక చూశాడు. ఆవిడ, ఎప్పుడూ గొంతు పెంచి ఎరగని మనిషి, 'అల్లుడుగారూ, మీరు తాళం తిప్పితే నాకూ మొగుడుండడు, మా అమ్మాయికీ ఉండడు. తాళం తీసి ఇలా ఇవ్వండి' అంది. ఇచ్చేశాడు. ఇంకెవరి మాట వింటాడు? తాళం గుప్పిట్లో బిగించి, 'ఆ కింది పలకలెత్తి చూడండి. ఏమీ లేకపోతే పెద్దమ్మని చూసి అందరం నవ్వుకుంటూ పోదాం' అంది.

మెంబర్లలో ఒక మెకానిక్కు వచ్చి మొదటి పలక లేపాడు. పెట్రోలమ్మా! నా చిటికెన వేలు మునిగేంత, పడవ కడుపంతా, రంగులు తిరుగుతూ. పోసే గొట్టం ట్యాంకు దగ్గర ఊడీ ఊడకుండా వేలాడుతోంది. కొంత ట్యాంకులోకి, కొంత బయటికి. అప్పుడొచ్చింది వాసన! నలభై ఒక్కమందిమి ఒక్కసారి ముక్కులు మూసుకున్నాం. ఎవడూ ఓటింగు అడగలేదు. పెద్దమ్మ మాత్రం తొణకలేదు. 'ఏ స్విచ్చూ ముట్టుకోకండి, సిగరెట్లవాళ్ళు గేటు అవతలికి పొండి' అని, పడవని తాళ్ళతో దూరంగా లాగించి కట్టించి, చేతుల్తో తోడించింది. దీవీ లేదు ఏమీ లేదు ఆ ఏడు. మర్నాడు ప్లీడరు గారే మినిట్స్ పుస్తకంలో తన చేత్తో రాశాడు: 'వాసన విషయంలో ఓటింగు జరపరాదు. పంపు వద్దనున్నవారి మాటే చివరి మాట.' అందరిముందూ పెద్దమ్మకి చేతులు జోడించాడు. అంత తల ఎత్తుకు తిరిగే మనిషి!

ఇక నీకు చెప్పాల్సింది ఇప్పుడుంది. ఇది నేను ఎవరికీ చెప్పలేదు. ఆ పెట్రోలు తోడిన రోజు సాయంత్రం పెద్దమ్మ కుట్టుగదిలో ఇద్దరం చెరో కొసా పట్టుకుని కాన్వాసు మడుస్తున్నాం. 'నీ చెయ్యి చూశాలే' అంది. నాకు నేల విచ్చుకుంటే బాగుండనిపించింది. 'నాకు నిజంగా వాసన రాలేదు పెద్దమ్మా' అన్నాను. 'నాకు మాత్రం వచ్చిందేమిట్రా?' అంది. ఇరవై రోజులు జ్వరంతో పడుందే ఒకప్పుడు, ఆ జ్వరంతోనే ముక్కు పోయిందట. అప్పటికి ఏడేళ్ళు! ఏడేళ్ళుగా ఆవిడకి ఉల్లిపాయా తెలియదు, వానా తెలియదు. 'మరెలా?' అన్నాను. 'పంపు చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక లీటరు. ఆయన ట్యాంకు పట్టేది నలభై. నిండేసరికి యాభై రెండు చుట్లు తిప్పాను. మిగతా పన్నెండూ ఎక్కడికి పోయాయిరా, ఆకాశానికా?' మామూలుగా అయితే వంగినప్పుడు పలకల సందులో వేలు పెట్టి చూసేదట, పెట్రోలు తగిలితే వేలు జివ్వున చల్లబడుతుంది. కొత్త పడవ కదా, సందు లేదు. 'ఆ లెక్కే చెప్పొచ్చుగా అందరిముందూ?' 'లెక్క చెబితే ప్లీడరు గారు మధ్యాహ్నం దాకా వాదిస్తాడు. ఈలోపు అల్లుడు తాళం తిప్పేస్తాడు. ముక్కుతో ఎవరు వాదిస్తారులే అనుకున్నాను. ఓటింగు పెడతాడని కలగన్నానా!' అని కన్నీళ్ళొచ్చేలా నవ్వింది. తర్వాత మెల్లిగా అంది, 'మానేద్దామనే అనుకున్నానురా. కానీ ముక్కున్న రోజుల్లో నేను ఒక్క పడవకీ చుట్లు లెక్కపెట్టలేదు. అది పోయాకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూడ్డం నేర్చుకున్నాను.' చూశావా? నువ్వు పెద్ద డాక్టరువి, ముప్పైరెండు పళ్ళు రోజూ లెక్కపెట్టేదానివి, యాభై చుట్లు లెక్కపెట్టలేవా?

తర్వాత చాలా ఏళ్ళు చేసింది. ఒక్క పడవకి నిప్పంటలేదు. చివరికి కళ్ళు కూడా పొరలు కమ్మి మంచాన పడింది. ప్లీడరు గారు చూడ్డానికొచ్చాడు, తన పెరట్లోవి ఎర్రటి కాగితం పూలు, ఒక పెద్ద గుత్తి, స్వయంగా కోసి తెచ్చాడు. ఒళ్ళో పెడితే పాపం తడుముకుని, అందులో మొహం దాచుకుని, 'అబ్బ, ఏం వాసన నాయనా! గదంతా నిండిపోయింది' అంది. కాగితం పూలకి వాసనేమిటమ్మా? ప్లీడరు చటుక్కున తలెత్తి నన్ను చూశాడు. నేను కిటికీ వైపు తిరిగాను. అప్పటికే ఆలస్యమైంది, మొహాలు చదివి బతికినవాడు, చదివేశాడు. ఆ గుత్తి మీదకి వంగి, గట్టిగా, ఆవిడకి వినపడేలా ఊపిరి పీల్చి, 'నిజమే పెద్దమ్మా, కోసేటప్పుడు నాకు తెలియనే లేదు' అన్నాడు. ఇద్దరం కలిసి మెట్లు దిగాం. వీధి చివర దాకా నడిచాం. ఆయన ఏమీ అడగలేదు. నేనూ...

పడవ కట్టిన ఆ తాడు కాస్త వదులు చెయ్యమ్మా, ఆటుకి నీళ్ళు దిగుతున్నాయి.