పూలగుత్తికి చుట్టిన కాగితం

నన్ను నిలదీస్తే ఏం లాభం వదినా? మీ ఆయన నాలుగు రోజులుగా ల్యాబు డాబా దిగి ఇంటికి రావట్లేదంటే, నేనేమన్నా కట్టేశానా? అన్నయ్య సైంటిస్టు. నేను అక్కడ సీసాలు కడిగేవాణ్ణి.

సరే, కూర్చోండి. చెప్తాను. మధ్యలో తిట్టకూడదు.

ఆ డాబా మీద నల్లతొట్టి చూశారా, అందులో ఉప్పునీళ్ళు. ఎండకి ఆవిరై చిక్కబడతాయి. ఆ చిక్కటి నీళ్ళు ఒకవైపు, మంచినీళ్ళు ఇంకోవైపు, మధ్యలో ఓ పల్చటి పొర. మెంబ్రేన్ అంటారు. ఉప్పు ఆ పొరలోంచి దూరి అవతలికి పోతుంటే కరెంటు పుట్టి బొమ్మ ఫ్యాను తిరుగుతుంది. అంటే, తిరగాలి. మూడేళ్ళలో అది తిరిగింది తక్కువ, అన్నయ్య దానికేసి చూస్తూ కూర్చున్నది ఎక్కువ.

పోయిన గురువారం పెద్ద కమిటీ వచ్చింది. ఫ్యాను తిరక్కపోతే ల్యాబుకి తాళమే. అరగంట ముందు అన్నయ్య పొర నా చేతికిచ్చి, కడిగి బిగించమన్నాడు. ఆర్నెల్లు కూర్చుని చేసిన పొరల్లోకెల్లా మంచిది. నా బొటనవేలి గోరు కాస్తా అందులోకి దిగిపోయింది.

బల్లమీద కమిటీవాళ్ళ కోసం తెచ్చిన పూలగుత్తి ఉంది. దానికి చుట్టిన గరగరలాడే సెల్లోఫేన్ కాగితం ముక్క కత్తిరించి బిగించేశా.

నవ్వకండి వదినా. తిరిగింది. ఎలాగనుకున్నారు, ఆ గాలికి కమిటీ పెద్దాయన నెత్తిమీదున్న నాలుగు వెంట్రుకలూ లేచి నిలబడ్డాయి. ఇంకో రెండేళ్ళు చేసుకోండని చెప్పి వెళ్ళారు.

ఇక చూస్కోండి. అన్నయ్య మిగతా పొరలు మార్చి మార్చి పెడుతూనే ఉన్నాడు, ఒక్కటీ ఆ గురువారంలా తిప్పట్లేదు. ఆరోజుదేదిరా అంటే, విప్పుతుంటే చిరిగిందని అసలు పొరే చూపించా. చిరిగినమాట నిజమే కదా? ఎలా కడిగావురా అన్నాడు. శ్రద్ధగా అన్నా. అంతే, నాచేత పదిహేడు పొరలు కడిగించాడు. ఏ వేలితో రుద్దానో కూడా రాసుకున్నాడు.

చెప్పెయ్యొచ్చుగా అంటారా? నిన్న చెప్దామనే పైకెళ్ళా, ఒట్టు. నోరు తెరిచేలోపు భుజమ్మీద చెయ్యేసి, "నీ చేతిలో ఏదో ఉందిరా, నాకు లేనిది" అన్నాడు.

నలభై ఏళ్ళొచ్చాయి వదినా నాకు. అన్నయ్య నోట నా గురించి ఓ మంచిమాట రావడం అదే మొదలు. నోరు మూసుకుని దిగొచ్చేశా.

మీరే చెప్పండి ఆయనకి. ఇవాళ కాదు, ఎల్లుండి చెప్పండి. రేపు ఇంకోసారి అంటాడేమో చూస్తా.