టేపులో పరుగెత్తిన మామయ్య

అలా పెదాలు బిగించుకుని కూర్చోకు అత్తయ్యా. ఏదో ఒకటి అను. పోనీ, తిట్టు. మామయ్య వేణువు వాయించిన పాత టేపూ వినిపించాను, దాన్ని విని నేను వాయించిన కొత్త డిస్కూ వినిపించాను.

ఆ పరిశోధకుడున్నాడే, గడ్డం బారెడు, బుర్ర బెత్తెడు. మామయ్య పోయిన ఇన్నేళ్లకి నీ అటక మీది ఈ టేపు వాడి కంటపడింది. ఎవరూ వినని మామయ్య రచనట. విన్నరోజు, "ఇంత వేగం మనిషన్నవాడి వల్ల అవుతుందా అండీ" అన్నాడు. ఆ వేగం మీద ఏకంగా పుస్తకమే రాసిపారేశాడు. వాడి చేతికి వేణువిస్తే ఏ చివర ఊదాలో అడుగుతాడు.

శ్రుతి చూస్తేనేమో మరీ పైనుంది. అయితే మామయ్య దగ్గర ఎవరికీ తెలియని పొట్టి వేణువొకటి ఉండేదని తేల్చాడు. ఉండేదా? ఆయన వేణువులన్నీ తుడిచి నూనె రాసి పెట్టింది నువ్వేగా. నిన్నొక్క మాట అడిగితే వాడి సొమ్మేం పోయేది?

అడగలేదు. డిస్కు వేసేవాళ్లు నాకు కొత్తగా పొట్టిది చేయించారు. మేనల్లుడు, పైగా శిష్యుడు, ఈయనకి గాక ఆ వేగం ఇంకెవరికొస్తుందన్నారు. నేనూ పొంగిపోయి, చచ్చీచెడీ వాయించాను.

ఆ స్టూడియోవాడు ఇంకో మహానుభావుడు. నేను ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించిన చోటల్లా కత్తిరించేశాడు. వినడానికి బాగోదట. ఊపిరి పనికిరాకపోతే మైకు ముందు కుక్కరు పెట్టుకుని ఈలలు రికార్డు చేసుకోమను.

అసలు సంగతి విను. టేపు చివర ఒక గొంతుంది కదా, "ఇక చాలు, కాసేపు పడుకోండి" అని, కీచుగా. అది ఎవరో చిన్నపిల్లదట, మామయ్య రహస్యంగా నేర్పిన శిష్యురాలట. దాని మీద ఒక అధ్యాయం. చిన్నపిల్ల వచ్చి మామయ్యని పడుకోమంటుందా? రాసేముందు బుర్ర ఉండక్కర్లా?

అది నువ్వే. ఇందాక వినగానే తల దించుకున్నావు, చూశాను.

నీ గొంతు ఏనాడైనా అంత కీచుగా ఉందా? ఆ రోజు రికార్డు చేసిన మిషన్లో బ్యాటరీలు అయిపోవచ్చాయి. టేపు ఈడ్చుకుంటూ తిరిగింది. దాన్ని ఇప్పుడు బాగున్న మిషన్లో వేస్తే నీ గొంతూ ఆయన వేణువూ రెండూ పరుగెత్తాయి. అంతే. వేగమూ లేదు, పొట్టి వేణువూ లేదు, పిల్లా లేదు. ఆయన తన మామూలు వేణువు మీద తీరిగ్గా వాయించుకున్నాడు. ఇంతమంది పెద్దమనుషులు కలిసి అయిపోయిన బ్యాటరీకి దండలేశారు.

నాకెప్పుడు తెలిసిందా? డిస్కు తయారయ్యాకే, ఒట్టు. నీ మాట ఇంకోసారి విని పోల్చుకున్నాను.

రేపు డిస్కు విడుదల సభలో నిన్ను వేదిక మీద కూర్చోబెట్టి రెండు మాటలు చెప్పమంటారు. ఆ గొంతు నాదేనని నువ్వన్నావా, మొత్తం బయటపడిపోతుంది. అందుకే వచ్చాను. చెప్పకు అత్తయ్యా.

ఆయన వేణువు నా ముందుకి జరుపుతావేమిటి? నెమ్మదిగా వాయించి మళ్లీ రికార్డు చెయ్యమంటావు, అంతేగా. నెమ్మదైతే సులువనుకుంటున్నావు. ఆ గడ్డంవాడూ అలాగే అనుకుంటాడు.

మొన్న తలుపేసుకుని ప్రయత్నించాను. టేపు వేగం నీ గొంతు నీ గొంతులా వినిపించేదాకా తగ్గించి, ఆయన ఎలా వాయించాడో అలాగే. ఆ మొదటి వరస ఎక్కడా తెగకుండా, సాగదీసి సాగదీసి, ఒక్క ఊపిరిలో ముగించాడాయన. అదీ జబ్బుతో. నువ్వు పడుకోమని బతిమాలుతున్న మనిషి. నాకు సగంలోనే అయిపోయింది. మళ్లీ ఊదాను. మళ్లీ సగమే.

పరుగులో అయితే దొరకను. ఆయనలా తీరిగ్గా వాయిస్తే నా దగ్గర ఏమీ మిగల్లేదని వినేవాళ్లందరికీ తెలిసిపోతుంది.

వాడిని ఇంతసేపు తిట్టాను గానీ, వాడు తెలియక చేశాడు. నేను తెలిసి నోరు మూసుకుంటున్నాను, రేపటి చప్పట్లు నాకు కావాలి గనక. ఆ వేణువు లోపల పెట్టెయ్. నా చేతికివ్వకు.