సంబంధం కాదు సారు, సల్లంగుండాలె మీరు

గంత కోపమెందుకు సారు? నిన్న మీ ఇంటికొచ్చింది నేనే, ఒప్పుకుంటాన. మీ అమ్మగారు ఫోన్ల ఏం చెప్పిందో గని, నా మాట గూడ జర ఇనాలె గదా!

నేను విజయశ్రీ. హన్మకొండ చౌరస్తకాడ మాది చీరల దుకాణం. మా బిడ్డ పూజ, తొమ్మిదో తరగతి. బతుకమ్మ పండుగ అయినకాన్నుంచి బడికి పోతలేదు. మాట్లాడది, తినది. తలుపేసుకొని ముడుసుకొని పండుకుంటది. బడిల టీచరమ్మే మీ పేరు చెప్పింది, పిల్లల మనసు డాక్టరని.

మరి ముక్కుమొఖం తెల్వనోళ్ల చేతుల నా బిడ్డనెట్ల పెడుత? ఫోన్ల చూస్తే అందరికీ ఐదు స్టార్లే! మా దుకాణానికి మా మరిదే పెట్టిండు ఐదు స్టార్లు. నవ్వుతాండ్రా? నవ్వుండ్రి, నవ్వుండ్రి!

మా ఇండ్లల్ల మనిషి సంగతి తెలుసుకోవాలంటే ఒకటే తీరు సారు. వాళ్ల వాడకు పోవుడు, ఇరుగుపొరుగును అడుగుడు. పిల్లనిచ్చేటప్పుడు గట్లనే జేస్తం గదా. నేనూ మీరుండే మడికొండకు పోయిన.

మీ గల్లీల కిరాణం ఆయన్ని అడిగిన. "డాక్టర్ హరికృష్ణ ఎట్లాంటోడన్నా? తాగుడు గిట్ల ఉన్నదా? కోపమెక్కువనా?" "ఎందుకమ్మా?" అన్నడు. మనసు డాక్టరుకు బిడ్డను చూపెడుతాన్నని ఎట్ల చెప్త? రేపు ఊరంత పాకితే? "మా బిడ్డ కోసమన్నా" అన్న. అంతే!

ఆయన మొఖం ఎలిగిపోయింది. తక్కెడ ఇడిసిపెట్టి నన్ను మీ ఇంటికే తోల్కపోయిండు. మీ అమ్మగారు కుర్చేసి, చాయ్ పోసి, సకినాలు పెట్టింది. "మా హరికి ముప్పై నాలుగు నిండినయి, ఒక్క సంబంధం కుదురుతలేదు" అని కండ్లల్ల నీళ్లు! నాకప్పటికీ ట్యూబ్‌లైట్ ఎలగలే. గోత్రమడిగితే టక్కున చెప్పిన. మీకు వంకాయ పడదంట. చిన్నప్పుడు చీకటంటే మస్తు భయమంట, ఎవ్వరితోని మాట్లాడకపోయేటోళ్లంట. అన్ని చెప్పింది పాపం.

"అమ్మాయి ఏం చదివింది?" అన్నది. "తొమ్మిది చదువుతాంది" అన్న.

అబ్బబ్బా! చాయ్ కప్పు బోర్లపడ్డది. పోలీసులను పిలుస్తనని లేచింది మీ అమ్మ! నోట్ల సకినం నోట్లనే ఉన్నది, చెప్పులు మీ గుమ్మంల్నే ఉన్నయి, నేను రోడ్డు మీదున్న!

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్తాంటే లోపల్నుంచి సప్పుడు. ఏందని చూస్తే మా పూజ నవ్వుతాంది! తలుపు తీసుకొని వచ్చి "మళ్ల చెప్పమ్మా" అన్నది. మళ్ల చెప్పిన. మీ అమ్మగారు లేచిన తీరు ఆడి చూపెట్టిన, మాఫ్ చేయుండ్రి. ఎన్నాళ్లకు ఇన్న సారు ఆ నవ్వు! నాకు కాలు భూమ్మీద ఆగుతలేదు.

"చీకటికి భయపడ్డ డాక్టరైతే వస్త" అన్నది. వచ్చింది సారు! అగో, బయట బెంచీ మీద కూసున్నది.

ఒక్కటే మాట. నన్ను లోపలికి రావద్దన్నది. మీకొక్కరికే చెప్తదట.

మీ గురించి కిరాణం ఆయన్ని అడిగిన, మీ అమ్మను అడిగిన. నా బిడ్డను మాత్రం ఏమైందని అడగలే సారు. నా వల్లనే అంటదేమోనని భయమైంది. ఇప్పటికీ భయమే.

పంపుతాన సారు. జర మెల్లగ అడుగుండ్రి.