మా ఆవిడ బ్యాగు కోసం నేను చేసిన యుద్ధం

"బస్సెక్కడం గొప్ప కాదయ్యా. నిండు బస్సులో అంత ఖరీదైన బ్యాగుని, ఒక్క గీత పడకుండా ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం, అదీ గొప్ప!" అంటూ బాబాయిగారు టీ గ్లాసు బల్ల మీద పెట్టారు. ఆయన రిటైరైన గుమస్తా. రోజూ ఈపాటికి ఇంటికెళ్లిపోయేవారు. ఇవాళ మాత్రం టీ కొట్టు బల్లకి అతుక్కుపోయారు.

"ఏ బ్యాగండీ? పిన్నిగారిదా?" అన్నాడు పక్కనున్న టైలరు.

"ఇంకెవరిది? ఆవిడ నర్సుగా రిటైరైన రోజున ఆసుపత్రి వాళ్లంతా చందాలేసుకుని కొనిపెట్టారు. పేరున్న కంపెనీది, డిజైనర్ బ్యాగట. అది గడప తొక్కాక ఇంట్లో నా హోదా ఒక మెట్టు దిగిందనుకో. హోటలుకెళితే దానికో కుర్చీ, నేను నిలబడాలి. వానొస్తే అది నా చొక్కా లోపల, నేను వానలో. పోనీ అందులో ఏమైనా పెడుతుందా అంటే, పెడితే సాగిపోతుందట! కళ్లజోడు, తాళాలు, మందులు, మంచినీళ్ల సీసా, అన్నీ నా జేబుల్లోనే. ఆవిడ ఖాళీ బ్యాగుతో మహారాణిలా ముందు నడుస్తుంది, నేను వెనకాల గలగలలాడుతూ బరువు మోసే గాడిదలా."

"మరి ఇవాళేమైంది?"

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. మా మరదలి కూతురికి ఇంటర్వ్యూ ఉంది. ఆ బ్యాగు భుజాన ఉంటే ఉద్యోగం దానంతటదే నడిచొస్తుందని వాళ్ల నమ్మకం. పొద్దున మా ఆవిడ ఆ బ్యాగు గుడ్డ కవరు, అదే, దిండుకి గలేబులాంటిది, నా చేతిలో పెట్టి 'ఇది మా చెల్లికిచ్చి రండి' అంది. పట్టుకుంటే ఎంత మెత్తగా ఉందనుకున్నావ్! అసలైన తోలు అలాగే ఉంటుంది. మేం బీయే చదివే రోజుల్లో మా లెక్చరరుకొక తోలు పెట్టె ఉండేది, దాని కథ చెబితే నువ్వు... సరే, అది మరోసారి. బస్సు కదిలింది. ఎదురు సీటువాడు కవరు వంకే చూస్తున్నాడు. నేనొక్క చూపు చూశాను. తల దించేసుకున్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాడు ఒక్కడు కాదు, ముగ్గురు!"

"కేకెయ్యకపోయారా?"

"ఐదుగురు దొంగలు మీద పడుతుంటే కేకెయ్యడానికి తీరికేదయ్యా?"

"ముగ్గురన్నారు?"

"వెనక సీట్లోవాళ్ల సంగతి నేనింకా చెప్పలేదుగా! వాళ్లు కవరు తాడు పట్టుకుని అటు లాగారు, నేను ఇటు లాగాను. ఆ లాగుడికి బస్సు ఓసారి ఎడమకి, ఓసారి కుడికి. డ్రైవరు స్టీరింగు వదిలేసి దణ్ణం పెట్టాడు, 'పెద్దాయనా, తమరెటు లాగితే అటే పోనిస్తాను' అని. వంతెన మీదికొచ్చేసరికి నన్ను కిటికీలోంచి తోసేశారు. కింద నది. నేను ఒంటి చేత్తో ఆ తాడు పట్టుకుని గాలికి జెండాలా వేలాడుతున్నా. తాడు తెగిందా? ఊహూఁ!"

"రెండో చెయ్యేం చేస్తోందండీ?"

"మా ఆవిడ కళ్లజోడు పడిపోకుండా జేబు మూసుకున్నా. ఇంతలో వాళ్ల కారు పక్కకొచ్చింది. ఏడుగురూ బ్యాగుతో సహా అందులోకి దూకేశారు. నేనూరుకుంటానా? నదిలో పడి, ఈది, గట్టెక్కి, పరిగెత్తి..."

"బట్టలు తడవలేదే?"

"పరుగు వేగానికి ఆరిపోయాయయ్యా! వెనక బంపరు పట్టుకుని కాళ్లు తన్నిపెట్టాను. చక్రాలు తిరుగుతున్నాయి, కారు కదలదు. కింద రోడ్డే వెనక్కి జరుగుతోంది! రెండు వీధుల అవతలున్న సినిమా హాలు మా ముందుకొచ్చేసింది. చివరికి బంపరు ఊడి నా చేతికొచ్చింది, కారు పోయింది."

"ఆ బంపరేదండీ?" అన్నాడు టీ కొట్టతను.

"నడిచొచ్చేవాడికి బంపరెందుకయ్యా?"

అందరూ విరగబడి నవ్వారు. బాబాయిగారు మాత్రం నవ్వలేదు. టైలరు భుజం మీద చెయ్యేసి గొంతు తగ్గించారు.

"నువ్వు ముందు మా ఇంటికెళ్లి ఇదంతా మీ పిన్నికి చెప్పు. దొంగలు ఏడుగురని మరీ మరీ చెప్పు. ఎన్నేళ్లు నైట్ డ్యూటీలు చేసిందయ్యా! ఆసుపత్రి తల్చుకున్నప్పుడల్లా ఆ బ్యాగు తీసి ఓసారి తుడిచి పెట్టుకుంటుంది. అది పోయిందని నేను ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

అప్పుడే కొట్టు ముందు ఆటో ఆగింది. దిగింది బాబాయిగారి మరదలు. ఆవిడ భుజాన ఆ బ్యాగు.

"ఏంటి బావగారూ, దయ్యాన్ని చూసినట్టు చూస్తారు? అమ్మాయి పనైపోయింది, అక్కకిచ్చేద్దామని తెచ్చా."

"ఇది... నీ దగ్గరికి... మరి దొంగలు?"

"ఏ దొంగలు? అక్క నిన్ననే స్వయంగా తెచ్చిచ్చింది. దీన్ని మీ చేతికిస్తుందా, మరీ చోద్యం! కవరు ఖాళీగా ఉంది కదాని ఇల్లు తుడుచుకోడానికి పాత దుప్పటి ముక్కలు పెట్టి పంపింది. అవైనా ఇచ్చారా? నేను రోడ్డవతలే ఉన్నా. మీరు నిద్ర కళ్లతో బస్సు దిగారు. కవరేమో కిటికీ పక్క సీట్లో దర్జాగా కూర్చుని నా ముందునుంచే వెళ్లిపోయింది, టాటా చెప్పడమొక్కటే తక్కువ! పిలుస్తున్నా వినకుండా మీరు దాని వెనకాల నాలుగడుగులు పరిగెత్తి, ఆయాసమొచ్చి, ఎదురొచ్చిన బస్సెక్కి మాయమయ్యారు. కవరు పోయినందుకు అక్కకేం చెప్పుకుంటారో మీ ఇష్టం."

కొట్టంతా గొల్లున నవ్వింది. బాబాయిగారికి అదేం వినబడలేదు. బ్యాగు అందుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూలబడ్డారు.

"అమ్మయ్య!" అన్నారు. కళ్లు తుడుచుకుని, "కవరుదేముందమ్మా, తిట్లు నాకు కొత్తా? అందరికీ టీ పొయ్యవయ్యా!"

టైలరు ఊరుకోలేదు. "మరి ఆ ఏడుగురు దొంగల మాటేంటి బాబాయిగారూ?"

బాబాయిగారు తీరిగ్గా టీ ఊదుకున్నారు.

"పాపం," అన్నారు. "ఈపాటికి విప్పి చూసుకుని ఉంటారు."