శారదాంబ టీచర్ నలభైమూడు కాయితాలు

ఏంది బిడ్డా, సెలెక్షన్ అయిందా? సంతోష్‌నగర్‌ల్నే ట్రైనింగా? మస్తు మంచిగయింది. కూసో శ్రీహితా, జర ఆ ఫ్యాన్ దిక్కు జరుగు, చాయ్ వస్తది. ఈ ముచ్చట వచ్చిందంటే నాకు శారదాంబ టీచరే యాదికొస్తది. నువ్వప్పటికి పుట్టలే. నువ్విప్పుడు నేర్చుకోబోయే పనే ఆమె నేర్పింది, గదే, మాట రాని చిన్నపిల్లలు, ఎదుగుదల జర ఎన్కకున్న పిల్లలు ఉంటరు చూడు, వాళ్లకు తెలుగుల, ఉర్దూల రెండిట్ల చెప్పే టీచర్లను తయారుచేసుడు. యాడ అనుకున్నవ్, మన యాకుత్‌పురా ఇంట్లనే, పైన మీది అర్రల. పది మంది ఆడపిల్లలు, రెండు చాపలు, ఒక నల్లబల్ల. అర్ర నేను కిరాయి లేకుండ ఊకెనే ఇచ్చిన. కైలాసం సేటు మస్తు ధర్మాత్ముడని గల్లీల అనుకున్నరు. ధర్మం లేదు ఏం లేదు, నా మతలబు నాకుండె. మా బిడ్డ అమల, గదే మీ మేనత్త, దాని కోసం ఇచ్చిన.

ఆమెది గుంటూరు దిక్కు. వాళ్లాయన రామచంద్రరావు సార్‌కు ఈడ సర్కారు ఆఫీసుల నౌకరి, గట్ల వచ్చిన్రు. నేత చీర, చేతిల గొడుగు, ఎండ లేకున్నా గొడుగే. మాట జూస్తే పుస్తకం సదివినట్లుండేది. ‘ఏవండీ కైలాసం గారూ, కాస్త ఆ కిటికీ తీయిస్తారా’ అనేది. నన్ను ‘గారు’ అన్నోళ్లు అంతకుముందు ఎవ్వరు లేరు, కిటికీ నేనే ఉరికి తీస్తుంటి. ఉర్దూ ఒక్క ముక్క రాకపోయేది పాపం. ఆటో అతను యాడికి పోవాలె అని ‘కిధర్ జానా అమ్మా’ అంటే ‘అవునండీ’ అనేది. ఒకసారి గట్లనే నయాపూల్ దాంక పోయొచ్చింది, దిగాల్సింది మన గల్లీ మూలకు. కని సదువు మాత్రం పెద్ద సదువు. మాట రాని పిల్లలను ఎట్ల పరీక్ష చెయ్యాలె, ఎట్ల చెప్పాలె, అన్నీ సదివింది. అప్పటికే ఈ పట్నంల, తెలుగోళ్ల బస్తీల ఉండుకుంటనే, పదకొండేండ్లు ఆ పనే చేసిందంట.

ఇగ మా అమల సంగతి. నాలుగేండ్లొచ్చినా దానికి మాట లేదు. మీ విమల నాయనమ్మకు నడుము ఆపరేషన్ అయి మంచం మీదుండె, నేనేమో లేసుల దుకాణంల ఉంటుంటి. పిల్ల పొద్దుందాక పక్కింట్లనే, ఖైరున్నిసా ఆపా ఒళ్లె. ఆపాకు పిల్లల్లేరు, దీన్ని కడుపుల పెట్టుకొని సాకింది. మొత్తం ఉర్దూ. మనింట్ల తెలుగు. అప్పుడొక డాక్టరు, పేరెందుకులే, పోయిండు ఆయన, ఏమన్నడంటే, ‘రెండు భాషల నడుమ పిల్ల పరేషాన్ అయితుంది, ఒకటి బంద్ చెయ్యిన్రి’ అన్నడు. నేను బంద్ చేసిన. రెండిండ్ల నడుమ ఒక తలుపుండె, దానికి నా చేతుల్తోని గొళ్లెం వెట్టిన. ఆపాకు మొఖం చూపిస్తలేను. పిల్ల ఆరు నెలలు ఆ తలుపు కాడ్నే కూసున్నది. మాట వచ్చుడు పక్కకు పెట్టు, అంతకుముందు చేసే సప్పుడు గూడ బందయింది. నవ్వుడు బందయింది. నేను ఇగ మంచిగైతది, ఇగ మంచిగైతది అనుకుంట ఉన్న.

గప్పుడే టీచరమ్మ ట్రైనింగ్ మొదలైంది. అమలను ముందుగాల కూసోపెట్టి, పరీక్ష ఎట్ల చేస్తరో టీచర్లకు చూపిస్తనన్నది. నేను మెట్ల మీద నిలవడి చూస్తున్న. బొమ్మల అట్టలు పరిచి ‘పిల్లి ఏదమ్మా? చెంచా ఏదమ్మా?’ అని అడిగింది. ఎంత ప్రేమగ అడిగింది. ఇది తల ఎత్తలే. చాప పుల్లలు పీకుకుంట కూసున్నది. అరగంట చూసింది, కాయితం మీద రాసింది. నన్ను పక్కకు పిలిచి మెల్లగ చెప్పింది, పిల్లకు రెండేండ్ల పిల్లకున్న తెలివి గూడ లేదు, ఊరవతల గిట్లాంటి పిల్లలను ఉంచుకునే హాస్టల్ ఉన్నది, ఆడ వెడితేనే నయమని. కాయితం జేబుల వెట్టుకున్న. విమలకు ఎట్ల చెప్పాలె అని మెట్ల మీద్నే కూలవడ్డ.

ఆ పది మందిల ఒక పిల్ల ఉండె, రఫియా అని. అందర్లకెల్లి చిన్నది, ఇరవై ఏండ్లుంటయేమో, నోరు విప్పితే ఒట్టు. తెలుగు వస్తది గని తప్పులు పోతయని భయం. ఆ పిల్ల లేచి నిలవడ్డది. ‘మేడం, మై ఏక్ బార్ పూఛూఁ?’ అన్నది. టీచర్‌కు సమజ్ కాలే, పక్కకున్న యశోద తెలుగుల చెప్పింది, ఒక్కసారి నేనడగొచ్చా అంటున్నదని. అడుగమన్నది. రఫియా చాప మీద బోర్ల వండి, మొఖం అమల మొఖానికి సమానంగ వెట్టి, ‘బిల్లీ కిధర్ హై, బేటా?’ అన్నది. అంతే. పిల్ల తలెత్తింది. రఫియాను చూసింది, చాలాసేపు చూసింది. వేలు తీసి పిల్లి మీద వెట్టింది. ‘చమ్చా?’ చెంచా మీద వెట్టింది. పద్దెనిమిది అట్టలకు పదహారు చూపించింది బిడ్డా. నేను మెట్ల మీద లెక్కవెడుతున్న, వేళ్లు సాలుతలేవు.

శారదాంబ టీచర్ మొఖం నాకిప్పటికీ కండ్లల్ల ఉన్నది. కోపం రాలే, సిగ్గువడలే. నా దిక్కు చెయ్యి చాపింది, కాయితం ఇమ్మని. చింపుతదేమో అనుకున్న. చింపలే. దాని మీద ఎర్రసిరాతోని గీత గొట్టి, పది మందికీ వినవడేటట్లు అన్నది, ‘పిల్లకి తెలివి లేదని రాశాను. లేనిది నాకు. ఆ పిల్లకి తెలిసిన భాషలో నేను అడగలేదు.’ పెద్ద సదువు సదివినామె, తన దగ్గర నేర్చుకోవచ్చినోళ్ల ముంగట గట్ల అన్నది. తర్వాత నన్ను అడిగింది, పిల్లకు ఉర్దూ ఎవరు నేర్పిన్రని. తలుపు సంగతి చెప్పిన. నేను తిడుతదనుకున్న. ‘రెండు భాషల వల్ల మాట ఆగదండీ. మాట్లాడే మనిషి దూరమైతే ఆగుతుంది. వెళ్లి తలుపు తీయండి’ అన్నది.

పోయి తీసిన. గొళ్లెం తుప్పు వట్టింది, రాయితోని కొట్టి తీసిన. ఆపా అవతల బియ్యం ఏరుతున్నది. తప్పయిందని, ‘గల్తీ హోగయీ ఆపా’ అన్న. ఆమె చాట పక్కకు వెట్టి, ‘బచ్చీ కో భేజో పహ్‌లే, బాతాఁ బాద్ మే’ అన్నది. ముందు పిల్లను పంపు, మాటలు ఎన్క మాట్లాడుకుందాం అని. అంతే, మళ్ల ఆ సంగతి జిందగీల ఎత్తలే. ఆ దినం నేను దుకాణం తెర్వలే. విమల మంచం పక్కన కూసొని ఏడ్చిన, అది గూడ ఏడ్చింది, గని ఛాతి మీదికెల్లి బండ దిగినట్లుండె. హాస్టల్ లేదు ఏం లేదు.

ఇగ ట్రైనింగ్ మొత్తం తిరగరాసింది టీచరమ్మ. తెలుగు పిల్ల ఒకతి, ఉర్దూ పిల్ల ఒకతి, జతలు కట్టింది. యశోదకు జత రఫియా. పొద్దున టీచరమ్మ వీళ్లకు నేర్పుడు, మధ్యాహ్నం రఫియా టీచరమ్మకు ఉర్దూ నేర్పుడు. ‘ఖ’ పలుకరాక ఆమె తండ్లాడుతుంటే మీదికెల్లి నవ్వులు, కింద మేం నవ్వుడు. తొమ్మిది నెలలకు మా అమల ఆపా కొంగు వట్టుకొని, బువ్వ కావాలె అని, ‘బువ్వ హోనా’ అన్నది. సగం మనది, సగం వాళ్లది. ఆ డాక్టరు ఉంటే చూసినవా ఖిచిడీ అయిందనేటోడు. టీచరమ్మకు చెప్తే మెట్లు ఎక్కి దిగి ఎక్కి, ఎవరికి చెప్పాల్నో తెల్వక నా చేతులే వట్టుకున్నది. అందరు టీచర్లతోని పుస్తకాలల్ల రాయించింది ఆ రెండు మాటలు. ఏ భాషదైనా గానీ, రెండు మాటలు జతవెట్టింది అంటే లోపల దారి ఉన్నట్లే అని చెప్పింది. అమల ఇప్పుడు దుకాణంల లేసులు రంగు చూసి జతచేస్తది. మాట మెల్లగనే, లెక్క రాదు, అబద్ధమెందుకు. కని దాని రంగు నజర్ నాకు లేదు.

అసలు ముచ్చట ఇప్పుడొస్తది. అందరం ఖుషీల ఉన్నం, ఆమెకే నిద్ర లేదంట. రామచంద్రరావు సార్ చెప్పిండు. పదకొండేండ్లల ఈ పట్నంల ఎంతమంది పిల్లలను తెలుగుల్నే అడిగినో అని ఫికర్. పాత ట్రంకు తీసి, ఇంట్ల ఉర్దూ మాట్లాడే పిల్లల కాయితాలు ఏరింది. నలభైమూడు ఎల్లినయ్. రఫియాను ఎంట వెట్టుకొని, గొడుగు వట్టుకొని, ఒక్కొక్క ఇల్లు తిరిగింది. మూడేండ్లు వట్టింది. కొందరు ఇండ్లు మారిన్రు, కొందరు తలుపు ముఖం మీద ఏసిన్రు. పదమూడు మంది సంగతిల ఆమె రాసింది తప్పు. వాళ్లల్ల ఇద్దరు హాస్టల్‌ల ఉండె, తల్లిదండ్రులతోని పోయి తోల్కొచ్చింది. నలభైరెండు ఇండ్లు దొరికినయ్, ఒక్క పిల్ల దొరకలే. మెహజబీన్ అని. ఆ కాయితం బ్యాగుల్నే ఉండేది. అప్పటికి ఆమెకు గుండె జబ్బు, సార్ తిరగొద్దంటుండె.

ఆఖరికి ఆ పిల్ల గూడ దొరికింది బిడ్డా. సంతోష్‌నగర్‌ల, తల్లిది టైలర్ దుకాణం. నేనే ఆటోల తీస్కపోయిన. పద్నాలుగేండ్ల పిల్ల, గడప మీద కూసొని చీరకు ఫాల్ కుడుతున్నది, గిరాకులతోని తెలుగుల మాట్లాడుతున్నది, తల్లితోని ఉర్దూల కొట్లాడుతున్నది. టీచరమ్మ అట్లనే నిలవడి చూసింది. తర్వాత తల్లి ముంగట చేతులు జోడించి చెప్పింది, మీ పిల్లకు తెలివి లేదని కాయితం రాసిచ్చింది నేనే, తప్పయింది అని. ఉర్దూల్నే చెప్పింది, ‘ఖ’ సరిగ్గ పలికింది. ఆ తల్లి ఈమెను ఎగాదిగా చూసి, తెలుగుల అన్నది, ‘ఆ కాయితమా అమ్మా? దాన్ని ఆ దినమే పొయ్యిల వెట్టిన. నా పిల్ల నాకు తెల్వదా?’

టీచరమ్మ గడప మీద ఆ పిల్ల పక్కకే కూలవడి నవ్వింది. అంత నవ్వు నేను ఆమె దగ్గర ఎప్పుడు చూడలే. కండ్లల్ల నీళ్లు కారుతున్నయ్, నవ్వుతున్నది. ‘మంచి పని చేశావమ్మా’ అన్నది, ‘ఎంత మంచి పని చేశావు’ అన్నది. వాపస్ ఆటోల నిద్రవోయింది, పసిపిల్ల లెక్క. ఆ చలికాలంలనే టీచరమ్మ పోయింది.

...

చాయ్ తాగు, చల్లారుతది. రేపు ఎన్ని గంటలకు పోవాలె నువ్వు?